ఫోర్కు చెప్పిన బరువు

కొండదారుల్లో, రాళ్లల్లో తొక్కే సైకిళ్లకు ముందు చక్రాన్ని పట్టుకుని ఒక ఫోర్కు ఉంటుంది. మామూలు సైకిలు ఫోర్కులా బిగుసుకుని ఉండదు. రెండు మెరిసే గొట్టాలు రెండు లావుపాటి కాళ్లలోకి దిగుతూ, లేస్తూ, దారిలోని దెబ్బలన్నీ తాము తింటాయి. ఆ గొట్టానికి ఒక చిన్న రబ్బరు ఉంగరం తొడిగి ఉంటుంది. మనిషి ఎక్కి నిలబడితే గొట్టం ఎంత కుంగిందో ఉంగరం అంత జరిగి, మనిషి దిగాక అక్కడే ఆగిపోతుంది. స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. ఇరవై రెండేళ్లుగా ఆ ఉంగరాన్ని చూసుకుంటూ బతికినవాడు కాబట్టి ఆయన్ని వీధిలో అందరూ ఉంగరం మేస్త్రి అనేవారు. ఆయన వేలికి మాత్రం ఏ ఉంగరమూ ఉండేది కాదు, గ్రీజులో పాడైపోతుందని భార్య తీయించి బీరువాలో పెట్టేసింది.

దుకాణం రెండు గదులు. ముందు గదిలో సైకిలును నడుం ఎత్తున పట్టి ఉంచే స్టాండు, గోడ మీద ఏ పనిముట్టు ఎక్కడుండాలో పెన్సిలుతో గీసిన బొమ్మలు, కిటికీ కింద నూనె పీల్చి నల్లబడ్డ బల్ల. వెనక గదిలో విప్పేసిన పాత ఫోర్కులు వరసగా వేలాడుతుంటాయి. ఆయన ఏదీ పారేసే రకం కాదు. పని విషయంలో వంక పెట్టడానికి లేదు. ఉంగరం జరిగిన తీరు చూసి, ఎక్కిన మనిషి ఎన్ని కిలోలో అర కిలో తేడాతో చెప్పగలిగేవాడు.

చెప్పగలిగేవాడు గానీ చెప్పేవాడు కాదు. దానికో కారణం ఉంది. షాపు పెట్టిన కొత్తలో, లెక్కలు చెప్పే ఒక టీచరమ్మ ముచ్చటపడి కొండ సైకిలు కొనుక్కుని, ఫోర్కు సరిచేయించుకోవడానికి వచ్చింది. ఎక్కి నిలబడింది. ఉంగరం చూసి ఈయనగారు గొంతెత్తి, "అమ్మా, మీరు తొంభై ఆరు దాటారు, ఈ ఫోర్కు మిమ్మల్ని ఆపలేదు" అనేశాడు. అక్కడ ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. ఒకడు కిసుక్కుమన్నాడు, మిగతావాళ్లు అందుకున్నారు. ఆవిడ సైకిలు దింపుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. నెల తిరక్కుండా ఆ సైకిలు అమ్మేసిందని ఎవరో చెప్పారు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాడు. ఫోర్కులో ఎంత గాలి నింపాడో ఆ అంకెనూ తేదీనీ చిన్న తెల్ల స్టిక్కరు మీద రాసి, ఫోర్కు ఎడమ కాలికి లోపలి వైపు అంటించేవాడు. మళ్లీ వస్తే కొత్త స్టిక్కరు పాతదాని మీదే. అంకె స్టిక్కరు మీదికి పోవాలి తప్ప నోట్లోంచి రాకూడదు.

వినడానికి పెద్దమనిషి తరహాగానే ఉంది. ఆ పెద్దరికమే చివరికి సొంత బావమరిది ప్రాణం మీదికి తెచ్చింది. ముందే చెప్పేస్తున్నాను, దాచిపెట్టి చివర్లో ఉలిక్కిపడేలా చేయడం నాకు ఇష్టం లేదు.

బావమరిది అంటే మేస్త్రి భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. చిన్నప్పట్నుంచీ దిట్టంగా ఉండేవాడని ఇంట్లో వాడి పేరు బస్తా. పెళ్లయి పదేళ్ల కూతురున్నా ఆ పేరు పోలేదు, వాడికీ పోగొట్టుకోవాలని లేదు. నీళ్ల శాఖలో ఉద్యోగం. కొండ మీది రిజర్వాయరు నుంచి ఊళ్లోకి పద్నాలుగు కిలోమీటర్ల పొడుగున ఒక పైపు వస్తుంది. దాని పక్కనే రాళ్లు తేలిన కాలిబాట. జీపు పోదు, నడిచి పోయి రావాలంటే రోజంతా చాలదు. వారానికి మూడు రోజులు సైకిలు మీద వెళ్లి, వాల్వులు చూసి, ఎక్కడ కారుతోందో రాసుకుని రావడం వాడి పని. నవ్వు మాత్రం గుమ్మంలో ఉండగానే ఇంట్లోకి వచ్చేది.

మార్చిలో వచ్చాడు. పాత ఫోర్కు లోపలి స్ప్రింగు తుప్పుపట్టి ప్రతి రాయికీ కీచుమంటోందట. ఫోనులో ఒక ఫోటో చూపించాడు, గాల్లోకి ఎగిరి దూకేవాళ్లు వాడే పొడుగు ఫోర్కు.

"ఇది పెట్టు బావా. చూడు ఎంత ఠీవిగా ఉందో."

"నువ్వు పైపు చూడ్డానికి వెళ్తున్నావా, మేడ మీంచి దూకడానికి వెళ్తున్నావా?"

"దూకితే తప్పేంటి?"

"తప్పేం లేదు, కింద నేల ఏం పాపం చేసిందని. అంత పొడుగుది పెడితే ముందు భాగం పైకి లేస్తుంది. ఎక్కేటప్పుడు హ్యాండిలు మాట వినదు. నీ ఫ్రేము నూట నలభై మిల్లీమీటర్లు దిగే ఫోర్కు కోసం చేసింది. దానికి అదే."

తర్వాత స్ప్రింగుదా, గాలిదా అన్న మాట వచ్చింది. స్ప్రింగు మొరటుగా, నమ్మకంగా పనిచేస్తుంది, కానీ మనిషి బరువు మారితే స్ప్రింగే మార్చాలి, కంపెనీకి ఇన్ని కిలోలని రాసి పంపి తెప్పించుకోవాలి. గాలిదైతే చిన్న పంపుతో ఎక్కించుకోవచ్చు, మీట నొక్కి తీసేయొచ్చు. "నీకు గాలిదే మంచిది. ఎక్కడైనా విందుకెళ్లి వచ్చిన రోజు రెండు పాయింట్లు ఎక్కించుకో" అన్నాడు మేస్త్రి. బస్తా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ స్ప్రింగుదే కొని ఉంటే ఏమయ్యేదని మేస్త్రి తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో. బరువు కాగితం మీద రాయాల్సి వచ్చేది, అప్పుడైనా నోరు తెరిచేవాడేమో.

ఫోర్కు వచ్చాక సగం రోజు దాని మీదే కూర్చున్నాడు. హ్యాండిలు బిగించే మెడ గొట్టాన్ని మూడుసార్లు కొలిచి, పొరపాటు జరిగినా సరిపోయేలా ఐదు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి, రంపంతో నిదానంగా కోశాడు. అంచు ఆకురాయితో రుద్ది, వేలితో తడిమి, మళ్లీ రుద్దాడు. బేరింగు కూర్చోబెట్టాడు. అప్పుడు బావమరిదిని పనికి వెళ్లే వేషంలోనే రమ్మన్నాడు. హెల్మెట్, బూట్లు, వాల్వు తిప్పే ఇనప తాళం ఉన్న సంచీ, నిండు నీళ్ల సీసా, అన్నీ ఉండాలి. గోడ పక్కన సైకిలు పెట్టి, భుజం గోడకు ఆనించి, పెడళ్ల మీద నిలబడమన్నాడు. మొదట ఎనభై ఎక్కించాడు. ఉంగరం ఎక్కువ జరిగింది. ఎనభై ఆరుకి సరిగ్గా ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. మొత్తం దిగేదాంట్లో అయిదో వంతు, అంతే కావాలి. ఆ రకం ఫోర్కులో గాలి అంకె ఇంచుమించు మనిషి కిలోల అంకె కూడాను. కుంగిన ఫోర్కు తిరిగి లేచే వేగాన్ని అడుగున ఉన్న ఎర్ర బిరడా తిప్పి సరిచేశాడు. స్టిక్కరు మీద ఎనభై ఆరు రాసి అంటించాడు. ఇదంతా సంతోషంగా జరిగిన పని.

జూన్ నెలాఖరులో బస్తా మళ్లీ వచ్చాడు.

"బావా, నీ ఫోర్కు గట్టిపడిపోయింది. దిగేటప్పుడు చేతులు నొప్పెడుతున్నాయి. ముందు చక్రం రాళ్ల మీద ఎగురుతోంది."

మేస్త్రి ప్రెషర్ చూశాడు. ఎనభై ఆరు. ఫోర్కులో గాలి తగ్గితే తగ్గుతుంది గానీ దానంతటది గట్టిపడదు. అదే బూట్లు, అదే సంచీ, అదే గోడ. ఎక్కమన్నాడు. దిగాక చూస్తే ఉంగరం ఇరవై ఎనిమిది దగ్గర లేదు, ఇరవై ఆరు దగ్గర కూడా లేదు. స్కేలు మళ్లీ పెట్టాడు. ఎనిమిది కిలోలు. మూడు నెలల్లో ఎనిమిది కిలోలు. మోకాళ్ల మీద కూర్చున్నవాడు తలెత్తలేదు. అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది, అది నిజం. కానీ ఇరవై ఏళ్ల అలవాటు ముందుకొచ్చి నిలబడింది. మీట నొక్కాడు. ఫోర్కులోంచి గాలి బుస్సుమంది. డెబ్బై ఎనిమిది దగ్గర ఆపి, మళ్లీ ఎక్కించి, ఉంగరం సరిపోయిందని చూసుకుని, కొత్త స్టిక్కరు అంటించాడు.

"అయిపోయింది, వెళ్లు" అని బావమరిది వీపు తట్టాడు.

అన్నం తినేటప్పుడు భార్య తనంతట తనే ఆ మాట ఎత్తింది. "తమ్ముణ్ణి చూశారా? పొట్ట పోయి ఎంత బాగున్నాడో. పెళ్లప్పుడు కూడా అంత సన్నగా లేడు. మా మరదలికి దణ్ణం పెట్టాలి, నూనె మాన్పించిందట."

మేస్త్రి పళ్లెంలోకి చూస్తూ ఊకొట్టాడు. మనిషి తిండి తగ్గించి తగ్గాడు, తొక్కి తగ్గాడు, అందులో విడ్డూరమేముందని తనకు తాను చెప్పుకున్నాడు. ఆఫీసులో వాళ్లూ, పక్కింటివాళ్లూ వాణ్ణి మెచ్చుకుంటున్నారు. అందరూ మెచ్చుకుంటుంటే నేనొక్కణ్ణే ఏడుపుగొట్టు మాట ఎందుకనాలి అనుకున్నాడు. అయితే వాళ్లంతా కంటితో చూసినవాళ్లు. కొలిచినవాడు ఈయనొక్కడే. తిండి మానేసి తగ్గేవాడు మొదటి నెల గబగబా తగ్గి తర్వాత నెమ్మదిస్తాడని, తన దగ్గరికి వచ్చే వందల మంది ఉంగరాలు చూసి ఆయనకు తెలుసు. తెలిసీ పెదవి విప్పలేదు. నాకు ఈ మనిషి మీద కోపం వచ్చేది ఇక్కడే.

సెప్టెంబరులో మూడోసారి. ఈసారి బస్తా షాపులోకి రాగానే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏంట్రా, పైపు నిన్ను మోసుకొచ్చిందా, నువ్వు పైపుని మోశావా?"

"ఎక్కలేకపోతున్నా బావా. ఆరో కిలోమీటరు దగ్గర దిగి నడుస్తున్నా. ఫోర్కులో మళ్లీ ఏదో అయింది."

ఫోర్కులో ఏమీ కాలేదు. డెబ్బై దగ్గర ఉంగరం సరిపోయింది. ఇంకో ఎనిమిది. మేస్త్రి ఆ పూట చేసిన పని గురించి చెప్పాలి, ఎందుకంటే అంత చక్కటి పని ఆయన జీవితంలో చేయలేదు. ఫోర్కు మొత్తం విప్పాడు. రబ్బరు సీళ్లు మార్చాడు, నూనె మార్చాడు. తేలికైన మనిషికి చివరిదాకా మెత్తగా దిగాలని గాలి గదిలోని ప్లాస్టిక్ బిళ్లలు రెండూ తీసేశాడు. గాలి తగ్గింది కాబట్టి తిరిగి లేచే వేగం మందగిస్తుంది, ఎర్ర బిరడా మూడు మెట్లు వదులు చేశాడు. బస్తా వీధి చివరిదాకా తొక్కి వచ్చి, "అబ్బ, దూది మీద పోతున్నట్టుంది బావా" అన్నాడు. పదహారు కిలోలు కరిగిపోయిన మనిషికి ఎక్కడా నొప్పి తెలియకుండా ఫోర్కు అమర్చి పంపించాడు ఆ మహానుభావుడు. డెబ్బై అని రాసిన స్టిక్కరు పాత రెండింటి మీద అంటుకుంది.

ఆ రాత్రుళ్లు నిద్ర పట్టలేదా అంటే, పట్టింది. పగలే బాధ. స్టాండు మీద ఎవరి సైకిలు ఉన్నా మనసు డెబ్బై దగ్గరికి పోయేది. రెండుసార్లు ఫోను తీసి బావమరిది నంబరు నొక్కాడు. మొదటిసారి, "అక్క చీర మర్చిపోయిందట, చూడు" అని పెట్టేశాడు. రెండోసారి మోగకముందే పెట్టేశాడు. రేపు అడుగుదాం, ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు అడుగుదాం అనుకున్నాడు. ఆదివారం బస్తా రాలేదు, కడుపులో బాగాలేదని మరదలు, అంటే బస్తా భార్య, కబురు చేసింది.

అక్టోబరు మధ్యలో నాలుగోసారి వచ్చి, సైకిలు బరువుగా ఉందని, తేలికపాటి ఫోర్కు ఏదైనా చూడమని అడిగాడు. మేస్త్రి పాత ఫోర్కు మీదే ఒకసారి ఎక్కించి ఉంగరం చూసుకుని, కేటలాగు తెరిచాడు. ప్రతి ఫోర్కు కింద ఒక పట్టిక ఉంటుంది, ఇన్ని కిలోల మనిషికి ఇంత గాలి అని. మార్చిలో ఆయన వేలు పట్టిక అడుగు వరసల్లో తిరిగింది. ఇప్పుడు పై నుంచి మూడో వరస దగ్గర ఆగింది. సన్నకాళ్ల ఫోర్కు ఒకటి ఎంచాడు, నూట ఇరవై మాత్రమే దిగేది. ముందు భాగం కాస్త కిందికి దిగి ఎక్కడం సులువవుతుంది. బస్తా వెళ్లాక డీలరుకు ఫోను చేశాడు.

"తొక్కే మనిషి ఎంతుంటాడు?" అన్నాడు డీలరు.

"అరవై, అరవై ఒకటి."

"ఎవరు, కాలేజీ పిల్లా?"

"మా బావమరిది."

"అదేంటి మేస్త్రీ, ఆయన ఇంత మనిషి కదా! పోయినేడు మీ షాపులోనే కదా నా కళ్లముందే స్టూలు విరగ్గొట్టాడు."

"తగ్గాడు" అని మేస్త్రి ఫోను పెట్టేశాడు.

పైకి ఆ మాట అనడం అదే మొదటిసారి. ముక్కూ మొహం తెలిసిన ఇంటి మనుషులెవరితోనూ అనలేదు, సరుకు అమ్మేవాడితో అన్నాడు. ఫోర్కు వచ్చింది, బిగించాడు, అరవై ఒకటి దగ్గర ఉంగరం సరిపోయింది. గోడకు ఆనుకున్న బావమరిది భుజం వణకడం కూడా చూశాడు. "అయిపోయింది, వెళ్లు" అన్నాడు. ఈసారి వీపు తట్టడానికి చెయ్యి రాలేదు. చొక్కా వెనక ఏముందో ఆ చేతికి తెలిసిపోతుందని భయపడ్డాడు.

నవంబరు మూడో వారంలో తొమ్మిదో కిలోమీటరు వాల్వు దగ్గర పైపు మీద తల వాల్చి కూర్చుని ఉన్న బస్తాను తోటి ఉద్యోగి చూశాడు. పిలిస్తే పలికాడు గానీ లేవలేకపోయాడు. ఇద్దరు మనుషులు భుజాల మీద కిందికి తెచ్చారు. అంత దూరం మోసినా ఆయాసం రాలేదని వాళ్లు తర్వాత చెప్పారు. సాయం చేసినవాళ్లు ఊరికే అన్న మాట అది, కానీ మరదలు ఆ మాటకే గోడ పట్టుకుంది.

ఆసుపత్రి గదిలో మధ్యాహ్నం ఎండ పడుతోంది. డాక్టరు పొట్ట నొక్కి చూసి, కాగితం ముందేసుకుని అడిగింది. "బరువు ఎప్పటినుంచి తగ్గుతున్నారు?"

మరదలు చీర కొంగు నలుపుతూ, "ఒక నెలా నెలన్నర నుంచండీ" అంది. అక్క, "కాదు, వానాకాలంలోనే కొంచెం తగ్గాడు, మంచికే అనుకున్నాం" అంది. బస్తా కళ్లు మూసుకునే, "ఏమోనండీ, నేనెప్పుడూ చూసుకోలేదు" అన్నాడు.

"ఎంత తగ్గారో చెప్పగలరా? సుమారుగా అయినా?"

తలుపు దగ్గర హెల్మెట్ పట్టుకుని నిలబడ్డ మేస్త్రి ఆ కాగితం వైపే చూశాడు. ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ తెలుసని ఒప్పుకున్నట్టు. చెప్పకపోతే ఆ కాగితం మీద నెలన్నర అని తప్పు రాసుకుంటారు, ఆ తప్పు మీదే వైద్యం చేస్తారు. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు.

"మార్చి పదకొండున ఎనభై ఆరు కిలోలండీ. బట్టలూ సంచీ కలిపి. జూన్ ఇరవై ఎనిమిదిన డెబ్బై ఎనిమిది. సెప్టెంబరు ఆరున డెబ్బై. అక్టోబరు ముప్పైన అరవై ఒకటి. అవే బట్టలు, అదే సంచీ."

డాక్టరు తలెత్తి చూసింది. "మీరు ఇంట్లో తూస్తున్నారా?"

"లేదండీ. నేను సైకిలు మెకానిక్‌ని."

ఆవిడకు అర్థమయిందో లేదో గానీ అన్నీ వరసగా రాసుకుంది. "చాలా ఉపయోగం. ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పరు" అంది. మేస్త్రిని జీవితంలో ఎంతోమంది మెచ్చుకున్నారు, ఏ మెచ్చుకోలుకూ ఆయన నేలలోకి కుంగిపోవాలని అనుకోలేదు.

రెండు రోజుల్లో పరీక్షలన్నీ వచ్చాయి. పెద్దపేగులో గడ్డ. కాలేయంలోకి కూడా పాకింది. వరండాలో నిలబెట్టి డాక్టరు నెమ్మదిగానే చెప్పింది. ఇప్పుడు కోసి లాభం లేదని, నొప్పి తెలియకుండా చూడగలమని, కొన్ని నెలలని. అక్క అడిగింది, "జూన్‌లో తీసుకొచ్చి ఉంటే?" డాక్టరు, "అప్పుడు ఆపరేషన్ చేసేవాళ్లమమ్మా" అంది. అంతకంటే ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

అక్క తన మొగుడి వైపు తిరిగింది.

"జూన్‌లోనే తెలుసా మీకు?"

"తెలుసు."

"తగ్గాడని తెలుసా, జబ్బని తెలుసా?"

"తగ్గాడని తెలుసు. జబ్బేమోనని... అనిపించింది."

"అనిపించి?"

"ఎవరి బరువూ నేను పైకి చెప్పను కదే. షాపులో నా పద్ధతి అది. నీకూ తెలుసు."

"మా తమ్ముడు మీకు కస్టమరా?"

ఆమె గొంతు పెంచలేదు. వెళ్లి బెంచీ అటు చివర కూర్చుంది. మేస్త్రి ఇటు చివర కూర్చోబోయి, కూర్చునే మొహం లేక నిలబడ్డాడు. మరదలు అంతా వింది. ఆమె తిట్టినా, చొక్కా పట్టుకున్నా బాగుండేది. ఆమె గడియారం చూసి, "అన్నయ్యా, పాప బడి వదిలే టైమైంది, తీసుకొస్తారా" అంది. ఆయన తలాడించి వెళ్లాడు. దారంతా ఆ పిల్ల మామయ్యా మామయ్యా అంటూ బడి కబుర్లు చెబుతూనే ఉంది, ఒక్కటీ ఆయన చెవికెక్కలేదు.

తర్వాత నెల రోజులు ఆయన రోజూ మధ్యాహ్నం షాపు మూసి ఆసుపత్రికి వెళ్లేవాడు. పనేమీ ఉండేది కాదు. నీళ్లు పట్టేవాడు, కిటికీ తెర సర్దేవాడు. భార్య అవసరమైన మాట మాత్రమే మాట్లాడేది. జబ్బేమోనని అనిపించీ ఊరుకున్న సంగతి బావమరిదికి ఎవరూ చెప్పలేదని, తానే చెప్పుకోవాలని ఆయనకు తెలుసు. అది కూడా రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేశాడు. చివరికి ఒకరోజు గదిలో ఇద్దరే ఉన్నప్పుడు, స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు.

"ఒరే, నీకొకటి చెప్పాలి."

"చెప్పు."

"నువ్వు ఫోర్కు గట్టిపడిందని వచ్చావు చూడు. అది గట్టిపడలేదురా. నువ్వు తగ్గావు. ఉంగరం చూడగానే నాకు తెలిసింది. మూడుసార్లూ తెలిసింది. మూడుసార్లూ ఫోర్కు సరిచేసి పంపించేశాను. నోరు రాలేదు. నీకు ఈ గతి పట్టించింది నేనే." చెబుతుంటే కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

బస్తా మొహంలో కోపం లేదు, అలసట ఉంది.

"నీకు తెలిసిందని నాకు తెలుసు బావా."

మేస్త్రి తలెత్తాడు.

"ఫోర్కు బాగుచేయించుకోడానికి నేను రాలేదు. చేతుల నొప్పి ఉంది, అది పెద్ద లెక్క కాదు. మే నెలలో బెల్టుకి రెండో బెజ్జం పొడిచినప్పుడే భయమేసింది. ఇంట్లో చెబితే మీ చెల్లెమ్మ ఏడుస్తుంది. డాక్టరంటే నాకు కాళ్లాడవు. నీ దగ్గరైతే ఏమీ చెప్పక్కర్లేదు కదా, ఎక్కి నిలబడితే నువ్వే చూసుకుంటావు. నువ్వు చూసి, ఏంట్రా ఇది, పద ఆసుపత్రికి అంటే వెళ్దామనుకున్నా. నువ్వంటే వెళ్లేవాణ్ణి." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నువ్వు అయిపోయింది వెళ్లు అన్నావు. ఇంత తెలిసినవాడు ఏమీ అనలేదంటే ఏమీ లేదనుకున్నా. ఆ పూట ఇంటికెళ్లి ఎంత హాయిగా నిద్రపోయానో. మళ్లీ భయమేసినప్పుడు మళ్లీ వచ్చా."

మేస్త్రి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ మనిషిని తిడుతూ ఇంతదూరం వచ్చిన నాకు ఇక్కడ తిట్టే ఓపిక పోయింది.

"ఏడవకు బావా. కొంచెం పైకి జరుపు, నడుం లాగేస్తోంది."

ఆయన లేచాడు. ఒక చెయ్యి మెడ కిందా, ఒకటి మోకాళ్ల కిందా పెట్టి ఎత్తి, దిండు సర్ది, మెల్లగా కూర్చోబెట్టాడు. చేతులు వెంటనే తీసేయలేదు.

"ఇప్పుడెంతున్నాను?" అని అడిగాడు బస్తా. "నర్సు చెప్పడం లేదు. నువ్వు చెప్పు."

"నలభై తొమ్మిది" అన్నాడు మేస్త్రి.